సున్నా మీది ముల్లు

పైడిరాజుకి గాలిలో ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా నేలమీదే వచ్చింది.

పైకి లేచాక ఆ చిన్న రెండు సీట్ల విమానం అతను చెప్పినట్టు వినేది. అతను మలుపు తిప్పితే గ్లాసులో నీళ్ళు తొణకవని తోటి విద్యార్థులే ఒప్పుకునేవారు. కానీ ఎగరాలంటే ముందు విమానాలు నిలిపే హ్యాంగర్ నుంచి రన్‌వే దాకా చక్రాలమీద వెళ్ళాలి కదా. దాన్ని అక్కడ టాక్సీ చేయడం అంటారు. ఆ అరకిలోమీటరు దారిలోనే పైడిరాజు పరువు పోతూ ఉండేది.

మూడు నెలల్లో రెండు ఫిర్యాదులు వచ్చాయి. మొదటిసారి మలుపు దగ్గర బ్రేకు గట్టిగా తొక్కితే విమానం ముక్కు కిందికి వంగి, ప్రొపెల్లర్ నేలకి బెత్తెడు ఎత్తులో తిరిగింది. రెండోసారి ముందున్న విమానం తోకకి మూరెడు ఎడంలో ఆగాడు. ఇంజన్లు ఆపాక ఆ విమానంలోని అమ్మాయి దిగొచ్చి, ఒక్క మాట అనకుండా ఆ మూరెడూ చేత్తో కొలిచి చూపించి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని పైడిరాజు చాలాసార్లు అనుకున్నాడు.

ఫ్లయింగ్ స్కూలు పెద్దాయన ఆ తర్వాత కాగితం మీద రాసిచ్చాడు. మంగళవారం బయటినుంచి ఎగ్జామినర్ వస్తాడు. ఆయన ఎదుట కూడా ఇదే తంతు జరిగితే అది మూడో ఫిర్యాదు. మూడోది పడితే పెట్టె సర్దుకోవడమే.

ఈ సంగతి విజయనగరంలో ఉన్న తండ్రికి పైడిరాజు చెప్పలేదు. ఫోను చేసినప్పుడల్లా ఎండల గురించి మాట్లాడి పెట్టేసేవాడు.

ఇంతకీ అతను ఆకతాయి కాదు. అదే విచిత్రం. అందరికంటే ఎక్కువ జాగ్రత్తగా మీటరు చూసేది అతనే. ఎదురుగా పలకమీద వేగం చూపించే గుండ్రటి మీటరు ఉంటుంది. విమానాల వేగాన్ని నాట్లలో కొలుస్తారు. కొడుకు మొదటిసారి ఆ మాట చెప్పినప్పుడు వాళ్ళమ్మ, "అక్కడ కూడా వరి నాటుతారేటి?" అని అడిగింది.

నేలమీద వెళ్తున్నంతసేపూ ఆ మీటరులో ముల్లు సున్నా మీద పడుకుని ఉండేది. సున్నా అంటే సున్నాయే కదా, ఇంకాస్త వెళ్ళొచ్చని పైడిరాజు ఇంజన్ జోరు పెంచే థ్రాటిల్ ముందుకు తోసేవాడు. మలుపు తిరిగి గాలికి ఎదురుపడగానే ముల్లు ఉలిక్కిపడి లేచేది. దానితోపాటు ఇతనూ ఉలిక్కిపడి బ్రేకు తొక్కేవాడు. రెండు ఫిర్యాదుల వెనకా ఉన్న కథ అదే.

పాఠం చెప్పే కెప్టెన్ రహమతుల్లా గారిని అక్కడ అందరూ ఉస్తాద్ అనేవారు. కర్నూలు మనిషి, అరవై ఆరేళ్ళు. ఎండకీ వానకీ ఒకటే నల్ల గొడుగు. విద్యార్థితో గంటసేపు ఎగిరి వచ్చినా ఆయన నోటినుంచి పది మాటలు రాలితే గొప్ప. పైడిరాజు వంతుకి ఆ పది కూడా వచ్చేవి కావు. విమానం దిగగానే ప్రతిరోజూ ఒకటే మాట అనేవాడు.

"ఈ పొద్దు కూడా తోలినావప్పా."

మిగతావాళ్ళని ఆయన అలా అనలేదు. ఆ మాట పైడిరాజుకి ముల్లులా గుచ్చుకునేది. వాళ్ళ నాన్న అప్పన్న ఇరవై ఆరేళ్ళుగా బస్సు డ్రైవరు. వాళ్ళ వీధిలో ఎవరైనా, అప్పన్న ఏం చేస్తాడంటే, బస్సు తోల్తాడనే చెప్తారు. దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట ఏం రాశాడో ఉస్తాద్ చూశాడని, అది పట్టుకునే రోజూ దెప్పుతున్నాడని పైడిరాజు తేల్చుకున్నాడు. ఒకసారి అలా తేల్చుకున్నాక దానికి సాక్ష్యాలు బోలెడు దొరికాయి. ఆయన నవ్వితే వెక్కిరింపు, నవ్వకపోతే చిన్నచూపు.

ఆదివారం మధ్యాహ్నం ఇక ఉండబట్టలేకపోయాడు. హ్యాంగర్ నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్న ఉస్తాద్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఉస్తాద్, ఒకటి అడగాలి. నేను వేగంగా పోతున్నానని అందరూ అంటున్నారు. ముల్లు సున్నా మీద ఉంటే అది వేగం ఎలా అవుతుంది?"

ఉస్తాద్ తల ఎత్తి చూశాడు. పైడిరాజు లోపలున్నది బయటపడే దాకా ఆగలేదు.

"మా నాన్న బస్సు డ్రైవరని మీకు తెలుసు. అందుకే తోలినావు, తోలినావు అంటున్నారా?"

ఉస్తాద్ రన్‌వే అవతల ఆకాశం వైపు చూశాడు. నైరుతి మూల మబ్బు నల్లగా పైకి లేస్తోంది. గాలి ఎటునుంచి వీస్తోందో చూపించే గాలిసంచి అప్పుడే అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఆయన టిఫిన్ డబ్బా ఒక చేత, గొడుగు ఒక చేత పట్టుకుని లేచాడు.

"రా, కూర్చుందాం," అన్నాడు.

ఆరుబయట ఒక విమానం మబ్బు వైపే ముక్కు పెట్టి కట్టేసి ఉంది. రెండు రెక్కలకీ తోకకీ తాళ్ళు, చక్రాల కింద దిమ్మలు. ఉస్తాద్ ఆ తాళ్ళన్నీ ఒకసారి లాగి చూసి, ఎడమ రెక్క కింద ముందుకు పొడుచుకొచ్చిన సన్నని గొట్టానికి ఉన్న ఎర్రగుడ్డ తొడుగు తీశాడు. ఇద్దరూ లోపలికెక్కి తలుపులు వేసుకున్నారు. ఇంజన్ జోలికి పోలేదు.

ఈదురుగాలి వచ్చింది. దుమ్ము లేచింది, హ్యాంగర్ రేకులు దడదడలాడాయి, తాళ్ళు బిగుసుకుని కీచుమన్నాయి. పైడిరాజు కళ్ళు అలవాటుగా మీటరు మీదికి పోయాయి. సున్నా మీద ఉన్న ముల్లు వణికి, లేచి, మెల్లగా పైకి పాకింది.

"ఎంత చూపిస్తాంది?" అన్నాడు ఉస్తాద్.

"నలభై, ఉస్తాద్. నలభై రెండు."

"ఎంత దూరం వచ్చినాం?"

పైడిరాజు కిటికీలోంచి కిందికి చూశాడు. చక్రం కింద దిమ్మ అక్కడే ఉంది. దిమ్మ పక్కన ఎవరో పారేసిన వేరుశనగ తొక్కలు గాలికి ఎగిరిపోతున్నాయి. విమానం మాత్రం అంగుళం కదల్లేదు.

గాలిలోకి నోరు తెరిచి కూర్చున్న ఆ గొట్టం గాలి సంగతే చెప్తుంది. నేల సంగతి దానికి తెలియదు. వెనకనుంచి వచ్చే గాలి దాని నోట్లో పడదు. పుస్తకంలో ఇదంతా ఉంది. పరీక్షలో పదికి పది మార్కులు కూడా వచ్చాయి. అయినా కదలని విమానంలో ఆ ముల్లు నలభై రెండు దగ్గర నిలబడడం చూసినప్పుడు అతనికి ఒళ్ళు ఝల్లుమంది. వెనకగాలితో పరుగెత్తిన రోజులన్నిటా ఇదే ముల్లు సున్నా దగ్గర పడుకుని ఉంది. తను దాన్ని నమ్ముకున్నాడు.

తర్వాత వాన దంచికొట్టింది. బయటికి దిగే వీల్లేదు. ఉస్తాద్ టిఫిన్ డబ్బా తెరిచి, జొన్నరొట్టె రెండుగా విరిచి సగం అతని చేతిలో పెట్టాడు.

"మీ నాయన బస్సులో మీటరు ఉండెనా?"

"ఉండేది ఉస్తాద్. పనిచేసేది కాదు." ఆ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. బడిపిల్లలంతా దాన్ని చూసి నవ్వేవారు. తను పెద్దయ్యాక అన్ని మీటర్లూ పనిచేసే బండిలోనే కూర్చుంటానని ఏడో తరగతిలో ఒట్టు పెట్టుకున్నాడు.

"మరి ఎట్ల నడుపుతాండె?"

పైడిరాజు రొట్టె నమలడం ఆపాడు. ఆయన తోలుతాండె అనలేదు. నడుపుతాండె అన్నాడు. తను సరిగానే విన్నాడా అని ఒక క్షణం ఆలోచించాడు.

"పక్క కిటికీలోంచి రోడ్డంచు చూసేవాడు," అన్నాడు నెమ్మదిగా. "అంచున ఉన్న గడ్డి గడ్డిలా కనబడాలి, గీతలా కనబడకూడదు అనేవాడు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క కోడిని కూడా తొక్కలేదు."

వాన తగ్గేదాకా ఇద్దరూ రొట్టె తింటూ కూర్చున్నారు.

సోమవారం పొద్దున ఎండ కాసింది. వాన కడిగిన దారి మీద గాలి మాత్రం ఇంకా వీస్తోంది. హ్యాంగర్ నుంచి రన్‌వేకి వెళ్ళేటప్పుడు అది సరిగ్గా వీపు వెనకనుంచి వస్తుంది. పైడిరాజు విమానమెక్కి పట్టీలు కట్టుకున్నాడు. ఒంటరిగా ఎగరడం అతనికి అప్పటికే అయింది. ఉస్తాద్ పక్క సీట్లో కూర్చోలేదు. జేబులోంచి రుమాలు తీసి మీటరు కనబడకుండా కప్పి, అది జారిపోకుండా పలక పైఅంచున దానిమీద తన కళ్ళజోడు పెట్టె పెట్టాడు. తర్వాత నడుచుకుంటూ వెళ్ళి ఎడమ రెక్క చివర, రెండు మూరల అవతల, గొడుగు తెరిచి నిలబడ్డాడు.

"నాతోపాటు రా," అని చేత్తో సైగ చేశాడు.

ఆయన నడిచాడు. పైడిరాజు థ్రాటిల్ కొద్దిగా తోశాడు. అలవాటు చొప్పున రెక్క క్షణంలో ఆయన భుజం దాటి ముందుకు పోయింది. ఉస్తాద్ పరుగెత్తలేదు, కేక వేయలేదు, తన నడక తాను నడిచాడు. సిగ్గుపడి పైడిరాజు బ్రేకు తొక్కాడు. ఆయన వచ్చి రెక్క పక్కన కలిశాడు. మళ్ళీ కదిలారు. మళ్ళీ దాటిపోయాడు. మూడోసారికి రెక్క చివర ఆయన భుజం దగ్గర నిలిచింది.

ఇంత నెమ్మదా అనిపించింది. పక్కన గడ్డిపరకలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. దారి మీద పగుళ్ళు లెక్కపెట్టొచ్చు. ఒక గొంగళిపురుగు దారి దాటుతోంది. మూడు నెలలుగా రోజూ ఈ దారినే వెళ్తున్నా, ఇక్కడ గొంగళిపురుగులుంటాయని అతనికి తెలియదు.

సగం దారిలో గాలి పెరిగింది. తెరిచిన గొడుగు ఉస్తాద్‌ని ముందుకు తోయసాగింది. ఆయన అడుగులు తడబడుతూ వేగంగా పడ్డాయి. అదే గాలి విమానాన్నీ తోస్తోంది. ఉస్తాద్ నిలబడి గొడుగు మూశాడు. చంకలో పెట్టుకుని మళ్ళీ మామూలు నడక అందుకున్నాడు.

పైడిరాజు చెయ్యి తనంతట తానే థ్రాటిల్‌ని వెనక్కి లాగింది.

దారి చివర ఇంజన్ ఆపి కిటికీ తెరిచాడు. ఉస్తాద్ నుదుటి చెమట తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడు నడిపినావు," అన్నాడు.

అంతే అన్నాడు. పైడిరాజు ఆ మాటని లోపల రెండుసార్లు అనుకున్నాడు. నడిచాడు. నడిపాడు. పుట్టినప్పటినుంచీ ఎరిగిన మాటే. తోలడమంటే వెనకనుంచి అదిలించడం. మరి నడపడమంటే ఏమిటో ఇన్నాళ్ళూ ఎప్పుడూ ఆగి వినలేదు. మూడు నెలలుగా ఆయన చెప్పింది తన పని గురించే, తన తండ్రి గురించి కాదు. గుండె మీదనుంచి బస్తా దింపినట్టయింది. నవ్వొచ్చింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఉస్తాద్ అటు తిరిగి గడ్డి వైపు చూస్తూ నిలబడ్డాడు.

మంగళవారం ఎగ్జామినర్ వచ్చాడు. పలచటి మనిషి, చేతిలో అట్ట, అట్టకి కాగితం, కాగితం మీద పెన్ను. పక్క సీట్లో కూర్చున్నాక ఆయన ముఖంలో ఏ భావమూ కనబడలేదు. విమానం హ్యాంగర్ నుంచి కదిలింది. ఆ రోజు కూడా గాలి వెనకనుంచే. రన్‌వే వైపు సగం దూరం వెళ్ళాక ఎగ్జామినర్ పెన్నుతో మీటరు అద్దం మీద తట్టాడు.

"ఇది సున్నా చూపిస్తోంది. మనం ఎంత వేగంలో పోతున్నాం?"

పైడిరాజు మీటరు వైపు చూడలేదు. ఎడమ రెక్క చివర చూశాడు. అక్కడ ఎవరూ లేరు. గడ్డి మాత్రం గడ్డిలాగే కనబడుతోంది.

"ఉస్తాద్ నడకలో, సార్."

నోరు జారాక నాలుక కరుచుకున్నాడు. ఇన్ని నాట్లని చెప్పాల్సిన చోట ఇదేం జవాబు. ఎగ్జామినర్ పెన్ను కాగితం మీద ఆగిపోయింది. మూడో ఫిర్యాదు, పెట్టె, విజయనగరం రైలు, అన్నీ కళ్ళముందు కదిలాయి. అయినా చెయ్యి థ్రాటిల్ మీద తొణకలేదు.

"గొడుగు తెరిచా, మూసా?" అన్నాడు ఎగ్జామినర్.

పైడిరాజు తల తిప్పి ఆయన్ని చూశాడు. అదే ముఖం. పెదవి అంచు మాత్రం కొద్దిగా కదిలింది.

"గాలి వెనకనుంచి ఉంది సార్. మూసే."

"ఊఁ. ముందుకు పోనీ," అన్నాడాయన, కాగితం మీద ఏదో రాసుకుంటూ.

గంట తర్వాత హ్యాంగర్ దగ్గర దిగి, సంతకమైన కాగితం పట్టుకుని పైడిరాజు ఉస్తాద్ కోసం వెతికాడు. ఆయన ఎప్పటి కుర్చీలోనే ఉన్నాడు. పైడిరాజు వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. కాగితం అడగలేదు.

"ఇంటికి చెప్పినావా?"

"ఇంకా లేదు ఉస్తాద్. ఈ గొడవేదీ నాన్నకి చెప్పలేదు. ఇప్పుడు అంతా చెప్తాను."

ఉస్తాద్ గొడుగు పిడి మీద గడ్డం ఆనించాడు.

"ఆయప్పను ఒకసారి రమ్మనప్పా," అన్నాడు. "ఆ దారి చివరి దాకా పోయి వస్తాం. ఇద్దరం, నడిచి."

పైడిరాజు జేబులోంచి ఫోను తీశాడు.