లింగమయ్య గుహలో తొలి చెంబు

ఇటు జరుగు బంగారూ. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. నేను చెబుతుంటే ఊఁ కొడుతుండాలి, మరి.

అనగనగనగా, నల్లమల కొండలు మొదలయ్యే చోట ఒక పల్లె. ఆ పల్లెలో ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవాళ్ళు. పెద్దామె ఓబుళమ్మ. చిన్నామె కాశమ్మ.

ఓబుళమ్మకి భక్తి ఎక్కువని ఊరంతా అనుకునేది. ఓబుళమ్మ కూడా అనుకునేది. సోమవారం వస్తే పచ్చి మంచినీళ్ళైనా ముట్టేది కాదు. ముట్టలేదన్న సంగతి పొద్దుగూకే లోపల నలుగురికైనా చెప్పేది.

కాశమ్మకి చిన్నప్పుడు జ్వరం తగిలి ఒక కాలు కాస్త ఈడ్పు పడింది. నెమ్మదిగా నడిచేది. నెమ్మదిగానే మాట్లాడేది.

ఆ అడవి లోపల, ఎత్తైన కొండ మీద ఒక గుహ ఉంది. గుహలో లింగమయ్య ఉన్నాడు. ఏడాదికి ఒక్కసారి, చైత్ర పున్నమికి, జనం అక్కడికి నడిచిపోతారు. ఆ రోజు అందరికన్నా ముందు గుహ చేరినవాళ్ళకి పూజారి తొలి చెంబు ఇస్తాడు. వాళ్ళే మొదట స్వామికి నీళ్ళు పోయాలి. ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా వాళ్ళ కాళ్ళకి దండం పెడతారు. ఇక ఆ ఏడాదంతా ఊళ్ళో తొలి విత్తు వాళ్ళ చేత్తోనే వేయిస్తారు.

ఓబుళమ్మ రెండుసార్లు పోయింది. రెండుసార్లూ ఎవరో ఒకరు ముందు చేరిపోయారు. ఈసారి ఎట్లాగైనా ఆ చెంబు తనదే కావాలనుకుంది.

ఆ ఏడే కాశమ్మ కూతురికి అమ్మవారు పోసి, చచ్చి బతికింది. పాప లేచి తిరిగితే నడిచొచ్చి నీ గుహలో దీపం పెడతానని కాశమ్మ మొక్కుకుంది.

"అక్కా, నన్నూ నీతో తీసుకుపోవే," అని అడిగింది.

ఓబుళమ్మ నసిగింది. అప్పుడు అత్తగారు కాశమ్మ చేతిని తెచ్చి ఓబుళమ్మ చేతిలో పెట్టింది. "దీన్ని నీకు అప్పగిస్తున్నా పెద్దకోడలా. దారి తెలిసినదానివి నువ్వే," అంది. ఇక కాదనడానికి లేకపోయింది.

కోడి కూయగానే, ఊరివాళ్ళకన్నా ముందే, ఇద్దరూ బయలుదేరారు.

మొదట రాళ్ళ మిట్ట వచ్చింది. ఓబుళమ్మ గబగబా ఎక్కేసి పైన నిలబడింది. కాశమ్మ వచ్చేదాకా ఆగింది గానీ, ఆగినంతసేపూ గొణిగింది.

ఆ తర్వాత వాగు వచ్చింది. నడుము లోతు నీళ్ళు. కాశమ్మ పాచిరాయి మీద అడుగు వేసి జారింది. ఓబుళమ్మ జబ్బ పట్టుకుని లాగింది గానీ, అప్పటికే మంచి కాలి మడమ బెణికింది. చూస్తుండగానే వాచిపోయింది.

అయినా కాశమ్మ ఒక కర్ర ఊతం చేసుకుని ఎక్కింది. ఒక పెద్ద బండ దాకా వచ్చేసరికి ఇక వల్ల కాలేదు. కింద నుంచి ఊరివాళ్ళ కేకలు సన్నగా వినిపిస్తున్నాయి. వాళ్ళు వచ్చేస్తున్నారు.

అప్పుడు ఓబుళమ్మ ఏమందో తెలుసా? "నువ్వీ చెట్టు కింద కూర్చో. నేను వాగులోకి దిగి నీళ్ళు తెస్తా," అంది. చెంబు తీసుకుని బండ చాటుకి పోయింది.

బండ చాటున రెండు దారులు. ఒకటి కిందికి, వాగుకి. ఇంకొకటి పైకి, గుహకి. పైదారి అడుగు వెడల్పే ఉంటుంది. ఒక పక్క లోయ. రాతికి బల్లిలా అతుక్కుని నడవాలి. అందుకే దాన్ని బల్లిదారి అంటారు.

ఓబుళమ్మ పైదారి పట్టింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. చూస్తే పోలేనని ఆమెకి తెలుసు.

గుహలో ఇంకా ఎవరూ లేరు. పూజారి బయ్యన్న ఒక్కడే ఉన్నాడు. ఆయన చెంచు పెద్ద, నెరిసిన గడ్డం. గుహ కప్పు నుంచి రాతిగుంటలోకి చుక్క చుక్కగా నీళ్ళు పడుతున్నాయి.

"ఒక్కదానివే వచ్చావా తల్లీ?" అని అడిగాడు.

"ఒక్కదాన్నే," అంది ఓబుళమ్మ.

కాసేపటికి ఊరివాళ్ళూ చేరారు. వాళ్ళకి దారిలో కాశమ్మ కనపడలేదు. "నీ తోడికోడలేది?" అన్నారు.

"కాలు నొప్పని ఇంటికి తిరిగిపోయింది," అంది. ఆ మాట అంటుంటే ఆమె చెవులు కాలిపోయాయి.

అప్పుడు బయ్యన్న చెంబు ముంచి చేతికివ్వబోతూ ఆగాడు. "దారిలో ఎవరినైనా వదిలి వచ్చినవాళ్ళు తొలి నీళ్ళు పోయకూడదు. ఇది మా తాతల నాటి మాట. ఎవరినీ వదల్లేదు కదా?"

"ఎవరినీ వదల్లేదు," అంది ఓబుళమ్మ.

నీళ్ళు పోసింది. బయ్యన్న ఆమె నుదుట ఇంత కుంకం పెట్టాడు. జనం వరసగా వచ్చి కాళ్ళకి మొక్కారు. ముసలివాళ్ళు కూడా మొక్కారు. ఇన్నేళ్ళు కోరుకున్నది అదే. కానీ ఒక్కొక్కరు వంగినప్పుడల్లా ఆమెకి కాళ్ళు వెనక్కి లాక్కోవాలనిపించింది.

అంతలో గుహ బయట ఏడుపు వినిపించింది.

కాశమ్మ! బల్లిదారి మీద పాక్కుంటూ వచ్చింది. మోకాళ్ళు చీరుకుపోయాయి. అరచేతుల నిండా నెత్తురు.

"అయ్యా, మా అక్క నీళ్ళకని వాగులోకి దిగి తిరిగి రాలేదయ్యా! కిందికి పోయి ఒడ్డు పొడుగునా చాలా దూరం దాకా వెతికాను. అరిచి అరిచి గొంతు పోయింది. ఒక చోట గట్టు విరిగి ఉంది. కొట్టుకుపోయిందేమో! ఎవరన్నా రండయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటా!"

ఓబుళమ్మ చటుక్కున రాతి మూలకి, చీకట్లోకి జరిగింది. అక్కడ నిలబడి అన్నీ వింటోంది. "ఇంటికి పోయి మా అత్తకి ఏం చెప్పేది?" అని కాశమ్మ గుండెలు బాదుకుంటోంది. అప్పుడే కొండెక్కి వచ్చిన మగవాళ్ళు మోకులు అందుకుంటున్నారు. ఇందాక కాళ్ళకి మొక్కినవాళ్ళు మాత్రం ఓబుళమ్మ ఏదా అని అటూ ఇటూ చూస్తున్నారు. నిజంగా వాగులో పోయినా బాగుండేది అనిపించింది ఓబుళమ్మకి. ఆ మూలలోనే రాయైపోయినా బాగుండేది అనిపించింది.

కానీ తాను దాక్కుంటే, తనకోసం నలుగురు వాగులో దిగుతారు. అప్పుడు బయటికి వచ్చింది.

"నేనిక్కడే ఉన్నానే."

కాశమ్మ కుంటుతూ వచ్చి ఆమెని గట్టిగా వాటేసుకుంది. "బతికే ఉన్నావా అక్కా! లింగమయ్య నిన్ను కాపాడాడా!" అంటూ మొహమంతా తడిమింది. తడుముతుంటే వేళ్ళకి కుంకం అంటింది. వేళ్ళ వంక చూసుకుంది. ఓబుళమ్మ చేతిలో తొలి చెంబు వంక చూసింది. తర్వాత చేతులు మెల్లగా కిందికి జారిపోయాయి.

తిట్టినా ఓబుళమ్మ తట్టుకునేదే.

"నేనే వదిలేశాను," అంది ఓబుళమ్మ అందరికీ వినపడేట్టు. "నీళ్ళు తెస్తానని చెప్పి వదిలేశాను. ఇక్కడికొచ్చి మీ అందరితో అబద్ధం చెప్పాను. నా కాళ్ళకెందుకు మొక్కారయ్యా!"

బయ్యన్న చెంబు వెనక్కి తీసుకున్నాడు. "నాకు చెప్పి ఏం లాభం తల్లీ? ఆమెకి చెప్పుకో."

ఓబుళమ్మ వయసులో పెద్దదై ఉండి కూడా కాశమ్మ కాళ్ళ మీద పడింది.

"కాళ్ళు పట్టుకోకు. నొప్పిగా ఉన్నాయి," అంది కాశమ్మ. అంతే అంది. లోపలికి పోయి పాప పేరు చెప్పుకుని దీపం పెట్టింది. ఓబుళమ్మ గడప దగ్గరే తల వంచుకుని నిలబడింది.

దిగేటప్పుడు కాశమ్మని ఓబుళమ్మ వీపు మీద మోసింది. బల్లిదారి, వాగు, రాళ్ళ మిట్ట, అంతా మోసింది. ఇంటికి పోగానే అత్తగారు ఎదురొచ్చి, "దర్శనం బాగా అయిందా?" అంది. కాశమ్మ తల దించుకుంది. ఓబుళమ్మే నోరు తెరిచి మొత్తం చెప్పింది. అత్తగారు విని లోపలికి పోయింది.

ఆ తర్వాత కాశమ్మ ఏ పనికీ ఎదురు చెప్పలేదు. అన్నం వడ్డించేది, నీళ్ళు అందించేది. కానీ అక్కా అని పిలవడం మానేసింది. వానాకాలం పోయింది, చలికాలం పోయింది. ఓబుళమ్మ అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఉన్నట్టుండి మబ్బు కమ్మి టపటపా చినుకులు మొదలయ్యాయి. కాశమ్మ కాయల మీద కప్పే పరదా ఒక కొస పట్టుకుని ఈడ్వలేక ఇంటి వైపు తిరిగి అరిచింది.

"అక్కా! రావే, కాయలన్నీ తడిసిపోతున్నాయి!"

ఓబుళమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. వచ్చి, పరదా రెండో కొస పట్టుకోవాల్సింది పోయి, వానలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడుపు తర్వాత. ముందు పట్టుకో," అంది కాశమ్మ.

పట్టుకుంది.

నిద్రొచ్చిందా బంగారూ? ఊఁ అనడం మానేశావు.

కథ సాగిపోయె కంచికి,
మనం చేరాం ఇంటికి,
చుక్కలెక్కె మింటికి,
కునుకు రానీ కంటికి.