నంబరు సరైనదే

“నంబరు సరిపోయిందని మిషనే చెబుతుంటే, మళ్లీ పాట తెరిచి వినడం దేనికి గురువుగారూ? చదువుకున్నోడి పని చదువుకున్నోడికి వదిలెయ్యండి.”

శిష్యుడు చెన్నకేశవులు ఈ మాట అన్నది ఉగాది ముందురోజు. బుర్రకథలు చెప్పి చెప్పి గొంతు పోయాక, పల్లెపాటలు కంప్యూటర్లో దాచే ఆ ఇంటికి బాలగురవయ్య పెద్దగా కూర్చున్నాడు. సంతకానికి మించి అక్షరం రాదు. రాదని నవ్వినవాళ్ల పేర్లు మాత్రం ఇరవై ఏళ్లనాటివైనా వరసగా చెప్పగలడు. ఆ వరసలో శిష్యుడి పేరూ చేరింది. పాటలు తెరిచి వినమని ఆయన పంతం కొద్దీ మళ్లీ అడగలేదు.

ప్రతి పాటకూ పన్నెండంకెల నంబరు. చివరి అంకె కాపలాది. ముందున్న పదకొండింటినీ లెక్కగట్టి తేల్చేది. ఎక్కడ ఒక్క అంకె తారుమారైనా మిషను ఎర్రగా చూపిస్తుంది, సరిపోతే పచ్చగా. కేశవులు ఆ ఒక్కపూటలో ఎనిమిది వందలు చూశాడు. అన్నీ పచ్చే.

దేనికన్న ఆ ప్రశ్నకు జవాబు మాఘమాసంలో వచ్చింది, నాగేంద్రమ్మ అనే ఆవిడ కొంగు ముడిలో.

“మాయమ్మ ఓబులమ్మ దంపుడు పాట, సామీ. ఎనిమిదేళ్ల కింద మీవాళ్లు మా ఊరొచ్చి ఈ నంబరు చీటీ ఇచ్చినారు. అమ్మ మొన్న కార్తీకంలో పోయింది. నాకు రెండు చరణాలే వచ్చు. నేర్పమంటే, ఆడ దాచినారులే, తొందరేముంది అనేది.”

కేశవులు నంబరు కొట్టాడు. పచ్చగా వచ్చింది. “ఉందమ్మా, కూర్చో” అని పాట నొక్కాడు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. మూడుసార్లు కొట్టాడు. మూడుసార్లూ పచ్చే. అప్పట్లో ఊళ్లకు పోయే ముందే నంబర్లు వేసి, చీటీలు పంచేసి, పాట తర్వాత ఎక్కించేవారు. ఓబులమ్మకు నంబరు పడింది, చీటీ అందింది. పాట ఎక్కలేదు.

“నేనేమన్నా తప్పు రాపించుకున్నానా సామీ?”

“లేదమ్మా,” అన్నాడు కేశవులు. “నంబరు సరైనదే.”

బాలగురవయ్య మెల్లగా అడిగాడు. “పోయిన ఉగాదికి మీ అమ్మ ఇంకా పాడుతుండేదా తల్లీ?”

“ఉగాదికేంది, వినాయక చవితికి గూడా పాడింది. రోలు లేకున్నా చేత్తో నేల తట్టుకుంటా.”

ఆవిడ చీటీని పాత మడతల మీదే మడిచి, కొంగున ముడేసుకుంది. “సరైనదే అన్నారు గదా, ఉండనీ” అని లేచి వెళ్లిపోయింది.

కేశవులు మిషను వదిలి గురువు వైపు తిరిగాడు. “తప్పు నాది గురువుగారూ.”

“నీ ఒక్కడిదే అయితే బాగుండేది,” అన్నాడు ముసలాయన, అతని వైపు చూడకుండా. “ఆ ఎనిమిది వందల్లో ఇంకా బతికున్నవాళ్లెవరో కనుక్కో. ముందు వాళ్లవి తెరువు.”