తెర ముందు కూర్చున్న రాజు

వేగవతి ఏటి ఒడ్డున ఒకానొక రాజ్యం ఉండేది. పెద్దదేమీ కాదు. పొద్దున్నే గుర్రమెక్కిన భటుడు మధ్యాహ్నం భోజనం వేళకు అవతలి సరిహద్దు చేరి, అక్కడ ఏమీ తోచక మళ్ళీ వెనక్కి వచ్చేసేవాడు. ఆ రాజ్యాన్ని కనకసింహ భూపాలుడు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. పంట పోయిన ఏడు పన్ను అడిగేవాడు కాదు. కాకపోతే, ఎక్కడ నలుగురు చేరి మాట్లాడుకుంటున్నా అది తన గురించే అయి ఉండాలన్నది ఆయన కోరిక.

ఆయన కొలువులో ఓబళయ్య అని ఒక చమత్కారి ఉండేవాడు. రాజును నవ్వించడం అతని ఉద్యోగం. కూర్చుని కబుర్లు చెప్పే పని కదా, ఇంతకంటే సుఖం ఏముందని ఓబళయ్య భార్య అనేది. రాజుకు అజీర్ణం చేసిన రోజున ఆవిడ ఒక్కసారి కొలువుకు వచ్చి చూసి ఉంటే మళ్ళీ ఆ మాట అనేది కాదు.

ఒక ఏడు కోతలయ్యాక ఆ ఊరికి తోలుబొమ్మలాట వచ్చింది. మేళానికి పెద్ద హనుమోజి. అతను బొమ్మలాడిస్తూ మగ గొంతులు పలికితే, భార్య సరసబాయి ఆడ గొంతులు పలికేది. ఆ ఆట ఇప్పుడు చాలామంది చూసి ఉండరు గనక కాస్త చెప్పాలి. గుంజలు పాతి ముందువైపు తెల్లటి తెర కడతారు. తెర వెనక ఆముదం దీపాలు. మేకతోలును వెలుగు కనబడేంత పలచగా గీకి, రంగులు వేసి కత్తిరించిన బొమ్మల్ని ఆ తెరకు ఆనించి ఆడిస్తారు. జనానికి కనిపించేది వెలిగే తెర, దాని మీద బొమ్మలు, అంతే. ఆడించేవాడి చిటికెన వేలు కూడా కనబడదు.

మొదటి ఆట లంకాదహనం. రాజు కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వాడు, నీళ్ళు తిరిగేలా ఏడ్చాడు కూడా. తెల్లవారి పల్లకీలో బజారు మీదుగా వెళ్తుంటే జనం లేచి దండాలు పెట్టారు. పెడుతూ పెడుతూ కూడా లంకాదహనం గురించే మాట్లాడుకుంటున్నారు.

"ఓబళయ్యా, కిందటేడు నేను యుద్ధం గెలిచానే, దాని గురించి జనం ఎన్నాళ్ళు చెప్పుకున్నారు?" అని అడిగాడు రాజు.

"యుద్ధానికి శత్రువు రాలేదు కదా ప్రభూ. అందుకని కథ పెద్దగా సాగలేదు."

రాజు నవ్వలేదు. ఆ సాయంత్రమే హనుమోజిని పిలిపించి, "నాకు నేర్పు" అన్నాడు.

నిజం చెప్పుకోవాలంటే రాజు చేతిలో పనితనం ఉంది. దసరా ఊరేగింపులో ఏనుగు మీద కూర్చుని విసుగ్గా వేళ్ళు ఆడిస్తూ ఉండేవాడు చూడండి, ఆ వేళ్ళకు ఇన్నాళ్ళకు పని దొరికింది. పదితలల రావణుడి బొమ్మ ఆయన చేతిలో పడితే ఒక్కో తలా ఒక్కోలా కోప్పడినట్టు ఉండేది. నేర్పినవాడే ముచ్చటపడ్డాడు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా రాజే తెర వెనక కూర్చుని ఆట మొత్తం ఆడించాడు. జనం ఊగిపోయారు.

మర్నాడు బజారంతా ఒకటే మాట. "రాత్రి హనుమోజి రావణుణ్ణి ఆడించాడురా, ఆహా."

రాజు మొహం మాడ్చుకున్నాడు.

"పొగిడింది మీ ఆటనే కదా ప్రభూ" అన్నాడు ఓబళయ్య.

"పేరు ఎవరికి వెళ్ళింది?"

"పేరు హనుమోజి ఇంటికి వెళ్ళింది. దానికి మన ఇల్లు తెలియదు పాపం."

"అయితే చూపిద్దాం" అని రాజు తరువాతి ఆటకు తెర తీసేయించాడు. దీపాలు తెచ్చి తన మొహానికి దగ్గరగా పెట్టించాడు. జనానికి ఏం కనబడింది? కిరీటం పెట్టుకుని, చెమటలు కక్కుతూ, రెండు చేతుల్లో రంగుల తోలు ముక్కలు ఊపుతున్న ఒక బొద్దుపాటి మనిషి.

"బొమ్మలెప్పుడొస్తాయి వదినా?" అని ఒకావిడ గుసగుసగా అడిగింది.

"ఆ చేతిలో ఉన్నవేనట. ఊరుకో, భటుడు చూస్తున్నాడు."

మంత్రి దండపాణి ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన మనిషి పొడుగు, తలపాగా అంతకంటే పొడుగు. ఆయన చప్పట్లు కొడితే అందరూ కొట్టారు, ఆపితే అందరూ ఆపారు. ఆ చప్పట్లలో ఏముందో రాజుకు తెలియకపోలేదు. ఆట సాగుతున్నంతసేపూ రాజు బొమ్మను చూడలేదు. ఎవరు ఆవలిస్తున్నారు, ఎవరు పక్కకు చూస్తున్నారు, ఇదే చూసుకున్నాడు. సగం మాటలు మరిచిపోయాడు. అంత బాగా కోప్పడే పదితలలూ ఆ రోజు తలనొప్పి వచ్చినట్టు వేలాడాయి.

కోపమంతా హనుమోజి మీద పడింది. "కిటుకు నాకు దాచావు" అన్నాడు రాజు.

"దాచడానికి ఏముంది దొరా, తెర వెనకే కదా నేర్పాను" అన్నాడు హనుమోజి. ఆ మాట ఇంకా మంటెక్కించింది. రాముడు, రావణుడు, హనుమంతుడు, పెద్ద బొమ్మలన్నీ కోట కొట్టులోకి వెళ్ళిపోయాయి. నా గురించి బజారు తనంతట తాను చెప్పుకున్న రోజున ఇవి తిరిగి ఇస్తాను, అంతవరకూ నా ప్రజలెవరూ హనుమోజి ఆట చూడకూడదు, అని రాజు ఆజ్ఞ వేశాడు.

హనుమోజీ సరసబాయీ ఓబళయ్య ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"శివరాత్రి తిరునాళ్ళు దగ్గరకొచ్చాయి సామీ" అంది సరసబాయి. "మా ఏడాది గడిచేది ఆ ఆటలతోనే. ఆ బొమ్మలు మా మామగారి తాతవి. మళ్ళీ కోయించాలంటే మా జన్మ చాలదు."

ఓబళయ్య చాలాసేపు తాంబూలం నములుతూ కూర్చున్నాడు. రాజు నవ్వి చాలా రోజులైంది. రాజు అలక హనుమోజికి ఎంత కష్టమో తనకూ అంతే కష్టం.

"మీ దగ్గర మిగిలిన బొమ్మలేమైనా ఉన్నాయా?"

"మల్లిగాడు, వాడి పెళ్ళాం చుక్కమ్మ ఉన్నారు" అన్నాడు హనుమోజి. "కథ మధ్యలో నవ్వించే బొమ్మలు. ఇలాంటి వెకిలి బొమ్మలు నాకెందుకని దొరగారు విసిరేశారు."

"వాళ్ళు చాలు. గొంతు లేకుండా ఆడించగలవా?"

"మల్లిగాడికి గొంతెందుకు సామీ, నడుస్తేనే నవ్వొస్తుంది."

మర్నాడు ఓబళయ్య కొలువులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, కిందటిసారి పొరపాటు జరిగింది. చోటు ఇరుకు. ఏటి ఒడ్డు మైదానంలో ఎత్తుగా అరుగు కట్టిద్దాం. దీపాలు మొహం ముందు వద్దు, మీ కళ్ళకు పొగ. చెరో పక్కా పెట్టిద్దాం. జనమంతా మీకేసే తిరిగి కూర్చోవాలి. తల తిప్పితే ఒప్పుకోవద్దు. మీకు జనం నిండుగా కనిపించేలా సర్దుతాను, మైదానం అంతా నాకు వదిలేయండి."

రాజుకు ఇది నచ్చింది. దండపాణికి మరీ నచ్చింది. తల తిప్పినవాళ్ళను పట్టుకోవడానికి భటులను తనే ఏర్పాటు చేస్తానన్నాడు.

పొద్దు గూకింది. జనం నిండారు. రాజు అరుగు మీద కూర్చుని రావణుణ్ణి పైకెత్తి, "ఎవడురా నా సభకు వచ్చిన కోతి" అని గర్జించాడు. జనం బుద్ధిగా ఆయనకేసి చూస్తున్నారు. అప్పుడు వాళ్ళ వీపుల వెనక, మైదానం చివర, చీకట్లో ఒక తెర వెలిగింది. భటుల కళ్ళు జనం తలల మీదే ఉన్నాయి గనక అది కనబడేది రాజు ఒక్కడికే.

తెర మీదికి మల్లిగాడు వచ్చాడు. బోర్లించిన రోలు ఎక్కాడు. తల మీద చేట పెట్టుకుని సర్దుకున్నాడు. ఎవరో దండ వేస్తారన్నట్టు చెయ్యి చాచి నిలబడ్డాడు.

రాజు గర్జన కొంచెం తడబడింది.

చుక్కమ్మ వచ్చింది. మొగుడికేసి చూడనైనా చూడలేదు. చాచిన చేతి మీద తడి చీర ఆరేసి వెళ్ళిపోయింది. మల్లిగాడు ఆ చెయ్యి దించకుండా, ఈసారి దండ ఇటునుంచి వస్తుందేమోనని రెండో చెయ్యి చాచాడు. చుక్కమ్మ మళ్ళీ వచ్చి దానికి ఉట్టి తగిలించింది, ఉట్టిలో పెరుగు కుండ పెట్టింది. పోతూ పోతూ ఆగి, ఏదో మరిచిపోయినదానిలా వెనక్కి వచ్చి, మెడకు చీరకొంగుతో ఉయ్యాల కట్టి పిల్లను పడుకోబెట్టింది. ఇప్పుడు మల్లిగాడు కదిలితే కుండ పగులుతుంది, తుమ్మితే పిల్ల లేస్తుంది. చేట జారి ముక్కు మీదికి వచ్చింది. ముక్కు దురద పుట్టింది.

"ఎవడురా..." అని రాజు ఇంకొకసారి మొదలుపెట్టాడుగాని మాట పూర్తి కాలేదు. రావణుడు ఒళ్ళో పడిపోయాడు. పొట్ట పట్టుకుని, మోకాళ్ళు చరుచుకుంటూ, ఊపిరి అందక కోడిపుంజు కూసినట్టు ఒక కూత పెట్టి, మళ్ళీ మొదటినుంచీ నవ్వాడు. జనం బిత్తరపోయి చూస్తున్నారు.

"నన్నేం చూస్తారు? అటు చూడండర్రా, వాణ్ణి చూడండి" అన్నాడు రాజు, చెయ్యి చాచి.

జనమంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు. మైదానం ఘొల్లుమంది. దండపాణి లేచి నిలబడి, "రాజుగారికి వీపు చూపిస్తారా? భటులారా..." అని కేకేశాడు.

"అమాత్యా, కూర్చో. నీ తలపాగా అడ్డొస్తోంది" అన్నాడు రాజు.

ఆట అయ్యాక రాజు కళ్ళు తుడుచుకుని ఓబళయ్యను పిలిచాడు. కాస్త గంభీరంగా ఉండాలని చూశాడుగాని మధ్య మధ్య భుజాలు కదులుతూనే ఉన్నాయి.

"నా ప్రజలెవరూ హనుమోజి ఆట చూడకూడదన్నాను. ఆజ్ఞ ఎందుకు తప్పావు?"

"తప్పలేదు ప్రభూ. ప్రజలందరినీ అటు వీపు పెట్టి కూర్చోబెట్టాను. చూసింది ఏలినవారు ఒక్కరే. తిరిగి చూడమన్నదీ ఏలినవారే."

"ఆ రోలు ఎక్కినవాడు నేనేనా?"

"ఎంతమాట. రోలు ఎక్కినవాడు మల్లిగాడు. అయినా ప్రభూ, అంతసేపు నవ్వారే, ఆ బొమ్మ వెనక హనుమోజి ఉన్నాడని ఒక్కసారైనా గుర్తొచ్చిందా?"

రాజు ఆలోచించాడు. "లేదోయ్. చుక్కమ్మ ఈసారి ఏం తగిలిస్తుందా అనే చూశాను."

"హనుమోజి ఆ మాట కోసమే బతుకుతాడు. మీరు మొదట తెర వెనక ఆడించిన రోజున మీకూ అదే దొరికింది. ఇంకేదో కావాలని దాన్ని వదిలేశారు. ఆడించే సుఖం పోయింది, చూసి నవ్వే సుఖమూ పోయింది. మిగిలింది మంత్రిగారి చప్పట్లు."

రాజు కిరీటం సర్దుకున్నాడు. "మాటలు బాగానే ఉన్నాయి. కాని షరతు షరతే. బజారు నా గురించి చెప్పుకుంటేనే బొమ్మలు ఇస్తానన్నాను. రేపు విందాం."

మర్నాడు ఇద్దరూ కంబళ్ళు కప్పుకుని, తలగుడ్డలు చుట్టుకుని బజారుకు వెళ్ళారు. హనుమోజి బొమ్మలు ఏమవుతాయోనని ఓబళయ్య దారంతా చెవులు రిక్కించుకునే నడిచాడు. వీధి మలుపులో మజ్జిగమ్మే నాగసాని చుట్టూ జనం మూగి ఉన్నారు.

"రాజంటే ఇన్నాళ్ళూ భయపడి చచ్చేదాన్ని" అంటోంది నాగసాని. "రాత్రి ఆయన నవ్వడం చూశారా? మా చిన్నాన్న నవ్వినట్టే. ముందు పొట్ట పట్టుకున్నాడు, తర్వాత ఇదిగో ఇలా..." అని మోకాళ్ళు చరుచుకుని, కోడిపుంజులా కూత పెట్టి చూపించింది. జనం పడీపడీ నవ్వారు. "ఇలాంటి రాజు ఎవరికున్నాడు చెప్పండి. పొద్దుటినుంచీ ఊరంతా ఇదే మాట."

కంబళి కింద రాజుకు ఇక ఆగలేదు. పొట్ట పట్టుకున్నాడు, మోకాళ్ళు చరుచుకున్నాడు, కూత కూడా పెట్టాడు.

నాగసాని ఆయన్ని పైనుంచి కిందికి పరికించి చూసింది. గరిటెడు మజ్జిగ ముంతలో పోసి చేతికిచ్చింది.

"బాగానే చేశావు మామా, తీసిపారెయ్యలేం" అంది. "కాని ఆ కూత దగ్గర కాస్త తగ్గింది. రాజుగారిది ఇంకా బాగుంటుంది."

రాజు ముంత చేత్తో పట్టుకుని ఓబళయ్య భుజం మీద వాలిపోయాడు. నవ్వి నవ్వి తలగుడ్డ ఊడి భుజాల మీద పడినా చూసుకోలేదు. ఆ సాయంత్రమే కొట్టు తెరిపించి బొమ్మలన్నీ బండికెత్తించాడు. హనుమోజికి పట్టుబట్టలు, సరసబాయికి చీర, తిరునాళ్ళకు కొత్త తెర ఇచ్చాడు. ఓబళయ్యకు తన చేతి కంకణం తీసి తొడిగాడు. తొడుగుతూ, చెవి దగ్గరగా వంగి అడిగాడు:

"నిజం చెప్పు. ఆ కూత దగ్గర నిజంగానే తగ్గిందా?"