బుట్టలో వెయ్యి పుల్లలు

ఒకానొక యవన రాజ్యంలో మైకోను అనే ఆస్థాన విదూషకుడు ఉండేవాడు. పారశీకులతో కనుమ దగ్గర జరిగిన యుద్ధంలో తమ్ముడు పోయిన నాటి నుంచి అతని చమత్కారం చేదెక్కింది.

ఆ కనుమలో రాజుగారి భటులు మూడు వందల మంది, పల్లెల వాళ్లు ఏడు వందల మంది కలిసి పోరాడారు. ఒక్కడూ తిరిగి రాలేదు. కానీ రాజు థియాంద్రుడికి గొప్పలంటే మహా ఇష్టం. "మా మూడు వందల మందే పది లక్షల పారశీకులను ఆపారు" అని రాతి మీద చెక్కించాడు. ఇంకేముంది, పల్లెల వాళ్లంతా పారిపోయారని ఊరూవాడా అనుకున్నారు. మైకోను తమ్ముడూ ఆ పల్లెల వాళ్లలో ఒకడే. మైకోను తల్లి నీళ్లకు వెళితే ఆడవాళ్లు దారి ఇచ్చేవారు కాదు. పారిపోయిన వాడికి ఏడుపొకటా అన్నారు. ముసలావిడ ఖాళీ కడవతో తిరిగి వచ్చేది.

రాయి నిలబెట్టే రోజున రాజు మీసం దువ్వుతూ, "ఎలా ఉందోయ్ మా శాసనం?" అన్నాడు.

"దివ్యంగా ఉంది ప్రభూ! ఒక్కటే సందేహం. ఆ కనుమలో రెండు బండ్లు పక్కపక్కన పట్టవు. పది లక్షల మంది వస్తే, మొదటివాడు మనవాళ్ల చేతిలో చచ్చేసరికి చివరివాడు ఇంకా ఇంటి దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఉండాలి."

సభ గొల్లుమంది. రాజూ నవ్వి, "సరేలే, కొంత తగ్గిద్దాం" అన్నాడు.

అప్పుడు మైకోను ఒక బుట్ట తెచ్చి పెట్టాడు. యుద్ధానికి వెళ్లేవాడు పుల్ల మీద పేరు రాసి, రెండుగా విరిచి, ఒక సగం మణికట్టుకు కట్టుకుని, రెండో సగం బుట్టలో వేయడం ఆ దేశపు ఆచారం. తిరిగొచ్చినవాడు తన సగం తీసేసుకుంటాడు. బుట్టలో మిగిలినవి పోయినవాళ్లవి.

"ఇందులో వెయ్యి ఉన్నాయి ప్రభూ. తమరి మాట అబద్ధం కారాదు కదా! మూడు వందలు తమ చేత్తో ఏరి ఉంచండి. మిగతా ఏడు వందల మందిని ఇళ్లకు పంపించండి. అమ్మలు ఎదురుచూస్తున్నారు."

"వాళ్లు పారిపోయారేమో!"

మైకోను నడుము గుడ్డలోంచి చిన్న పుల్ల తీశాడు. బుట్టలోని ఒక పుల్లకు చేర్చితే విరుపు సరిగ్గా అతికింది.

"శవాల మధ్య నుంచి నేనే తెచ్చాను. తమరి సేనాపతి పక్కనే పడి ఉన్నాడు మా తమ్ముడు."

రాజు బుట్టలో చెయ్యి పెట్టాడు. ఒక్క పుల్ల కూడా ఏరలేకపోయాడు. చివరికి తడి కళ్లతో నవ్వాడు. "నా మాటతోనే నన్ను కట్టేశావు కదరా! వెయ్యి పేర్లూ చెక్కండి!" అని మెడలోని ముత్యాల హారం తీసి ఇవ్వబోయాడు.

మైకోను తమ్ముడి పుల్ల రెండు సగాలే అడిగి తీసుకున్నాడు.

మర్నాడు ఆడవాళ్లు అతని తల్లికి దారి ఇచ్చారు. ఆమె నిండు కడవతో ఇంటికి వచ్చి, దాన్ని దించి, గట్టిగా ఏడ్చింది. కొడుకు కోసం ఏడవడానికి ఆ తల్లికి అప్పటికి అనుమతి దొరికింది.