సిస్టరమ్మ కారులో శబ్దం

ఓబులేసు చెవులు మంచివే. వాటి సంగతి వాడి నోరు చెప్పకుండా ఉంటే ఇంకా మంచివి.

ప్రొద్దుటూరులో కరీముల్లా ఉస్తాద్ షెడ్డులో ఏడేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు వాడు. జీపు వీధి మలుపు తిరగకముందే "క్లచ్చు పోయిండాది, రేపో మాపో మన దగ్గరికే వస్తాది" అనేవాడు. వచ్చేది కూడా. దాంతో వాడి తల కొంచెం పైకి లేచింది. ఎక్కువ కాదు, షెడ్డు రేకులకు తగిలీ తగలనంత.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. ఉస్తాద్ దగ్గర మూరెడు పొడవు స్క్రూడ్రైవర్ ఒకటుంది. కొన ఇంజిన్‌కి తాకించి, పిడి చెవికి ఆనిస్తే లోపల ఏ ముక్క ఏడుస్తోందో తెలుస్తుంది. ఉస్తాద్‌కి దాన్ని ఆయన ఉస్తాద్ ఇచ్చాడు. అది చేతికొచ్చినవాడు మేస్త్రీ. రానివాడు గడ్డం నెరిసినా పనివాడే.

"ఈ శుక్రవారం నమాజు అయినాక దీన్ని నీకిస్తాలేరా" అన్నాడు ఉస్తాద్. ఓబులేసు ఆ సాయంత్రమే పెయింటర్ దగ్గరికి పోయి, 'మేస్త్రీ' అన్న అక్షరాలు ఎంత పెద్దవి రాస్తే వీధి చివరికి కనపడతాయో కనుక్కుని వచ్చాడు.

బుధవారం పొద్దున సలోమి సిస్టరమ్మ వచ్చింది. రిటైరైన నర్సు. ముప్పై ఏళ్ల అంబాసిడర్ని ఇప్పటికీ తనే నడుపుతుంది.

"అబ్బీ, నా కారు దగ్గుతాండాది. ఎత్తు ఎక్కేటప్పుడు టక్ టక్ టక్ అంటాది. మీ దగ్గరికొస్తే మాత్రం మూగనోము."

ఓబులేసు కారుని వంతెన దాకా తోలుకెళ్లి వచ్చాడు. దిగుతూనే తీర్పు చెప్పేశాడు.

"బేరింగ్ పోయిండాది సిస్టరమ్మా. ఇంజిన్ దించాల్సిందే. పోయిన నెల నేను బ్యాటరీ మార్చి పంపినప్పుడు పిట్ట మాదిరి పోయింది గదా! ఎదురు షెడ్డులో సైలెన్సర్‌కి అతుకేయించుకున్న చోట వచ్చింది తంటా. పుల్లయ్య మామ చెయ్యి పడితే నవ్వే బండి కూడా ఏడుస్తాది."

రోడ్డుకి అవతల పుల్లయ్య వెల్డింగ్ ఆపి, నల్లకళ్లద్దాలు పైకెత్తాడు. "నేను ఇంజిన్ మూత కూడా ఎత్తలేదు నాయనా!"

"మూత ఎత్తకుండానే చెడగొట్టినావంటే నీది నాకన్నా పెద్ద విద్య మామా!"

వీధంతా నవ్వింది. పుల్లయ్య నవ్వలేదు. అద్దాలు దించుకుని పనిలో పడ్డాడు.

సిస్టరమ్మ కూడా నవ్వలేదు. జ్వరం చూసినట్టు బానెట్ మీద అరచెయ్యి వేసింది. "ఈ వయసులో ఇంజిన్ దించితే మళ్లీ ఎక్కుతాదా అబ్బీ? ఇట్లనే పాత ఇనుము కింద తూకానికి పోతాదా?"

ఉస్తాద్ టీ గ్లాసులోంచి తలెత్తి, "దించే ముందు ఇంకోసారి వినరా" అన్నాడు.

గురువారమంతా విన్నాడు. పైన విన్నాడు, కింద పడుకుని విన్నాడు. చెవికి మసి అంటింది గానీ ఇంజిన్ గుట్టు అంటలేదు. "నా స్టెతస్కోపు తెచ్చేదా?" అంది సిస్టరమ్మ. వాడికి రోషం వచ్చింది. ఇంజిన్ బోల్టుల మీద పడ్డాడు.

"ఉస్తాద్, మీ పన్నెండో నంబరు పానా ఒకసారి."

"నీదేదిరా?"

"ఉంటాదిలెండి యాడో."

ఉస్తాద్ ఇచ్చాడు. ఈ నెలలో ఎన్నోసారి ఇచ్చాడో ఆయన అడగలేదు, వాడు చెప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి దూలానికి గొలుసు కట్టి, కొక్కెం ఇంజిన్ మీదికి దించాడు ఓబులేసు. ఉస్తాద్ మసీదు నుంచి తెల్లటోపీతోనే వచ్చాడు. వాడు చెయ్యి తుడుచుకుని ఎదురు నిలబడ్డాడు.

ఉస్తాద్ స్క్రూడ్రైవర్ వైపు పోలేదు. మేకుకి వేలాడుతున్న ఓబులేసు పానాల గుడ్డ తీశాడు. కాన్వాసుకి జేబులు కుట్టి, జేబుకొక పానా పెట్టుకునే చుట్ట అది. కారు మడ్‌గార్డు మీద పరిచి, ఒక్కో జేబునూ వేలితో తాకుతూ పోయాడు. ఎనిమిది. పది. తర్వాతి జేబులో వేలు అడుగుదాకా దిగిపోయింది.

వేలు తీసి, వెళ్లి, వీపు ఇటు పెట్టి స్టవ్ దగ్గర టీ కాచుకోసాగాడు.

ఓబులేసు ఖాళీ జేబుని చూశాడు. పోయిన నెల తను బిగించిన బ్యాటరీని చూశాడు.

బ్యాటరీ ఎత్తి, దాని కింది పళ్లెం విప్పాడు. రేకుల సందులో పానా ఉంది. మీద 'ఓ' అని వాడు గీసుకున్న అక్షరం ఉంది. రేకుకి కొట్టుకుని కొట్టుకుని రెండు కొనలూ పెళ్లికూతురి మెట్టెల్లా మెరుస్తున్నాయి.

ఎవరూ చూడలేదు. కారు ఏమవుతుందోనని వచ్చిన సిస్టరమ్మ బల్ల మీద కునుకు తీస్తోంది. ఉస్తాద్ చెంచాతో చక్కెర కలుపుతున్నాడు, ఊరందరికీ సరిపడా కలుపుతున్నట్టు. వాడి ప్యాంటు జేబు కావలసినంత లోతుంది. పానా సగం దాకా దిగింది కూడా.

రోడ్డు అవతల వెల్డింగ్ నిప్పురవ్వలు రాలుతున్నాయి.

"దొరికిందా అబ్బీ?" సిస్టరమ్మ కళ్లు తెరిచింది. "ఏంది ఆ శబ్దం?"

పానా జేబులోంచి బయటికొచ్చింది.

"నేనే సిస్టరమ్మా."

ఆమెకి అర్థం కాలేదు. వాడు పానా చూపించాడు. తర్వాత షెడ్డు గుమ్మం దాకా నడిచి, దాన్ని పైకెత్తి, బుధవారం ఎంత గొంతుతో అన్నాడో అంత గొంతుతోనే అరిచాడు.

"పుల్లయ్య మామా! నేనే!"

పుల్లయ్య అద్దాలెత్తి పానాని చూశాడు, వాణ్ణి చూశాడు. ఈసారి వీధిలో నవ్వింది ఆయనొక్కడే.

ఓబులేసు గొలుసు విప్పాడు. పానాని దాని జేబులో పెట్టి, గుడ్డ చుట్టి, మేకుకి తగిలించాడు. తిరిగి చూస్తే ఉస్తాద్ పొడవాటి స్క్రూడ్రైవర్ని తన చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. తుడిచి, పిడి వాడి వైపు చాపాడు.

వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఇప్పుడొద్దు ఉస్తాద్."

"నిన్న ఇచ్చింటే నీకు వినపడేది కాదు" అన్నాడు ఉస్తాద్. "పట్టుకో."