బుచ్చయ్య ఇంటివాళ్ళ గోల్ఫ్ ప్రయాణం

గుండ్లకుంట బుచ్చయ్య ఇంట్లో ముగ్గురు. బుచ్చయ్య, ఆయన భార్య సాయవ్వ, తమ్ముడు ఎల్లేశం. ముగ్గురికీ తమ తెలివి మీద మహా గురి. ఊరి పక్కన పెద్ద రోడ్డు పడి భూముల ధరలు పెరిగాక ఆ గురి ఇంకా పెరిగింది. అప్పటిదాకా వాళ్ళ మాటలకి నవ్విన జనమే ఇప్పుడు "అవునవును, మంచిగ చెప్పిండ్రు" అంటున్నారు మరి!

"చెప్పింది చెప్పినట్టు చేసుడే తెలివి. మధ్యల సొంతంగ ఆలోచిస్తేనే పని కరాబైతది" అనేవాడు బుచ్చయ్య. అందుకే ఆ ఇంట్లో ఎవరూ ఆలోచించేవాళ్ళు కాదు.

ఒకరోజు ప్రభాకర్రావు అనే బిల్డర్ వచ్చాడు. వాళ్ళ ఇరవై ఎకరాల్లో గోల్ఫ్ మైదానం వేసి, చుట్టూ విల్లాలు కడతాడట. భూమి వాళ్ళది, పెట్టుబడి మలేషియాలో ఉండే టాన్ దొరది.

"కానీ ఆ దొర గోల్ఫ్ రానివాళ్ళతో వ్యాపారం చెయ్యడు. మీరు వెళ్ళి ఆయనతో ఒక్క ఆట ఆడి రావాలి. ఆయనకి నచ్చితేనే సంతకం, లేకపోతే పక్క ఊరి భూమి చూసుకుంటాడు" అన్నాడు.

"కట్టెతోని బంతిని కొట్టుడే కద! చిన్నప్పుడు చిర్రగోనె ఆడినోళ్ళం, మాకు నేర్పుతరా?" అన్నాడు ఎల్లేశం.

అంతే. మర్నాడే పట్నం పోయి గోల్ఫ్ కర్రలు, సంచీ కొన్నారు. అక్కడ విమానం టిక్కెట్లు ఇచ్చిన జహంగీర్ మంచివాడు. పాపం, అడక్కుండానే సలహా ఇచ్చాడు.

"విమానం కాడ సామాన్లు విసిరేస్తరు. తలలు జాగ్రత్త! తలలకు సాక్సులు తొడిగి, పైనుంచి తువ్వాల చుట్టుండ్రి. నడుమ తలల కన్నా ఎత్తుగ గట్టి కర్ర ఒకటి నిలబెట్టుండ్రి. దెబ్బ తాకినా కర్రకే తాకుతది. సంచి మీద పేరు, ఊరు రాయుండ్రి."

అతను చెప్పింది గోల్ఫ్ కర్రల తలల గురించి. కానీ బుచ్చయ్యకీ తల ఉందాయె!

ప్రయాణం రోజు తెల్లారేసరికి ముగ్గురూ తలలకి సాక్సులు తొడిగారు. బుచ్చయ్య తలకి ఒక సాక్సు చాల్లేదు. సాయవ్వ రెండు కత్తిరించి కలిపి కుట్టింది. పైనుంచి తువ్వాళ్ళు చుట్టారు. ఎల్లేశం ఏడడుగుల వెదురుగడ నరుక్కొచ్చి, మధ్యలో నిలబెట్టి పట్టుకున్నాడు. సంచీ మీద పెద్ద అక్షరాలతో "పేరు, ఊరు" అని రాశాడు.

ఎండాకాలం. చెమట కారి కళ్ళలో పడుతోంది. అలాగే ముగ్గురూ గడ చుట్టూ నడుస్తూ ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గరికి వచ్చారు.

"ఈ గడ ఏంటి?" అన్నాడు కాపలా జవాను.

"దెబ్బలు తాకనీకి" అన్నాడు ఎల్లేశం.

"ఎవరు కొడతారు?"

"ఎవరు కొడతరో మాకేం తెలుసు? జహంగీర్ కొడతరన్నడు."

జవాను గడ లాక్కున్నాడు. "అయ్యో, ఇగ మన తలలకు దేవుడే దిక్కు" అంది సాయవ్వ.

లోపల కౌంటర్లో అమ్మాయి సంచీని తూకం వేసింది. "మూడు కిలోలు ఎక్కువుంది. తగ్గించండి" అంది.

సంచీ జేబుల నిండా సాయవ్వ సకినాలు, గరిజెలు కుక్కింది. పారేస్తుందా? ఇంకేముంది, ముగ్గురూ అక్కడే బాసింపట్టు వేసుకుని తినడం మొదలుపెట్టారు. వెనకాల వరస గేటు దాకా పెరిగింది.

"అమ్మా, మీ విమానానికి టైమవుతోంది!" అంది అమ్మాయి.

"అయితే నువ్వు గూడ రెండు తిను బిడ్డా, జల్ది తగ్గుతది" అంది సాయవ్వ.

తలా ఒక కిలో తిన్నారు. తూకం సరిపోయింది. "సూసినవా, బరువంత ఈన్నే ఇడిసిపెట్టినం" అని పొట్ట నిమురుకున్నాడు బుచ్చయ్య.

తర్వాత తనిఖీ. "బెల్టు తీసి ట్రేలో పెట్టండి" అన్నారు. బుచ్చయ్య పెట్టాడు. "చేతులు పైకెత్తండి" అన్నారు. ఎత్తాడు. అటూ ఇటూ తడిమి "వెళ్ళండి" అన్నారు. వెళ్ళాడు. చేతులు మాత్రం పైనే ఉన్నాయి. దించమని ఎవరూ అనలేదు కదా!

బెల్టు ట్రేలో ఉండిపోయింది. ప్యాంటు జారడం మొదలైంది. బుచ్చయ్య చేతులు ఆకాశం వైపు, ప్యాంటు భూమి వైపు. సాయవ్వ పరిగెత్తుకొచ్చి వెనకనుంచి ప్యాంటు పట్టుకుంది. అలాగే విమానం ఎక్కారు.

విమానంలో బుచ్చయ్య చేతులు చూసి ఎయిర్‌హోస్టెస్ వచ్చింది. "ఏం కావాలి సార్?" అన్నట్టు వంగి, నీళ్ళు తెచ్చి నోటికి అందించింది. వెళ్ళింది. తిరిగి చూస్తే చేతులు పైనే. మళ్ళీ నీళ్ళు. అలా తొమ్మిది గ్లాసులు.

"ఏమన్న మర్యాదనా అన్నా!" అన్నాడు ఎల్లేశం. "మన ఊళ్ళ నల్లా కోసం మూడేండ్ల సంది చేతులెత్తి మొక్కుతున్నం. ఒక్కడన్న చుక్క నీళ్ళిచ్చిండా?"

కౌలాలంపూర్‌లో దిగాక పాస్‌పోర్టు చూసే అధికారి వేలిముద్రల అద్దం చూపించి, వేళ్ళు ఇక్కడ పెట్టమని సైగ చేశాడు. "హమ్మయ్య, దించుమన్న మనిషి దొరికిండు!" అని చేతులు దించాడు బుచ్చయ్య. సాయవ్వ తన తలనుంచి తువ్వాలు విప్పి ఆయన నడుముకి కట్టింది.

టాన్ దొర మేనేజరు అప్పలస్వామి లోపలికే వచ్చి కలిశాడు. తాతల కాలంలోనే అక్కడికి వెళ్ళిన తెలుగు కుటుంబంవాడు. "ఇక్కడే నిలబడండి బాబూ, మీ సంచీ దానంతటదే వస్తుంది" అని కారు చూడటానికి వెళ్ళాడు.

సంచీ తిరిగే పట్టా మీద వచ్చింది. వాళ్ళ ముందునుంచే వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెళ్ళిపోయింది.

"పిలుద్దామా?" అన్నాడు ఎల్లేశం.

"వద్దు. దానంతటదే వస్తదన్నడు. కొత్త జాగ కద, సిగ్గుపడుతుందేమో" అన్నాడు బుచ్చయ్య.

గంట తర్వాత అప్పలస్వామి వచ్చి సంచీ దింపుకుని, వాళ్ళని కారెక్కించాడు.

మర్నాడు ఉదయం మైదానానికి వెళ్ళారు. టాన్ దొర అరవై దాటిన మనిషి. తెల్ల టోపీ, తక్కువ మాట. అప్పలస్వామి పక్కనుండి చెబుతున్నాడు. "ముందు టీ నేల మీద పెట్టండి. టీ మీద బంతి పెట్టండి. అప్పుడు గట్టిగా కొట్టండి." బంతిని నిలబెట్టే ఆ చిన్న పుల్లని అక్కడ టీ అంటారు.

బుచ్చయ్య తమ్ముడికేసి చూశాడు. అంతే, ఎల్లేశం క్యాంటీనుకి పరిగెత్తి పొగలు కక్కే టీ గ్లాసు తెచ్చాడు. గ్లాసు నేల మీద పెట్టి, దాని మీద బంతి పెట్టి, బుచ్చయ్య బలమంతా పెట్టి కొట్టాడు. గ్లాసు తునకలైంది. టీ వెళ్ళి దొర తెల్ల టోపీ మీద పడింది. బంతి వెళ్ళి మడుగులో పడింది.

దొర టోపీ తీసి చూసుకున్నాడు. ఏదో అన్నాడు.

"బంతి ఎక్కడ పడితే అక్కణ్ణుంచే కొట్టాలి, అదే ఈ ఆట ధర్మం అంటున్నారు" అన్నాడు అప్పలస్వామి.

ఇంకేముంది! బుచ్చయ్య కర్ర పట్టుకుని మడుగులో దూకాడు. మెడ దాకా నీళ్ళు. మునిగి కొడతాడు, తేలి ఊపిరి పీల్చుకుంటాడు, మళ్ళీ మునుగుతాడు. "ముప్ఫై ఒకటి! ముప్ఫై రెండు!" అని ఒడ్డు మీద సాయవ్వ లెక్క. "అన్నా, బురద అటు తియ్యి!" అని ఎల్లేశం సలహా.

టాన్ దొర చాలాసేపు చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నెమ్మదిగా అన్నాడు, అప్పలస్వామి తెలుగులో చెప్పాడు: "నలభై ఏళ్ళుగా ఆడుతున్నాను. నాతో ఆడిన పెద్దమనుషులంతా ఎవరూ చూడనప్పుడు బంతిని జరిపినవాళ్ళే. చెప్పిన మాటకి కట్టుబడి నీళ్ళలో దూకినవాణ్ణి ఈయన్నే చూశాను. నా పెట్టుబడి ఈయనకే."

ఆ సాయంత్రమే ఒప్పందం కుదిరింది. బయల్దేరేటప్పుడు అప్పలస్వామి నోట దొర చెప్పిన ఆఖరి మాట ఇది: "మూడు నెలల్లో వస్తాను. ఈలోపల ఆ పద్దెనిమిది గుంటలు తవ్వించి ఉంచండి." ఆయన అన్నది గోల్ఫ్ ఆటలో బంతి పడే చిన్న గుంటల గురించి. గుప్పెడంత వెడల్పు, జానెడు లోతు.

"గుంట అంటే మాకు తెల్వదా? నలభై గుంటలు ఒక ఎకరం!" అన్నాడు బుచ్చయ్య ఊరికి రాగానే. సర్వేయర్ని పిలిచాడు. పద్దెనిమిది గుంటల నేల కొలిపించాడు. జేసీబీ దింపాడు.

మూడు నెలలు గడిచాయి. టాన్ దొరని వెంటబెట్టుకుని ప్రభాకర్రావు వచ్చాడు. కారు దిగి రెండడుగులు వేసి ఆగిపోయాడు. ముందు నేల లేదు. అడుగున ఎక్కడో నీళ్ళు మెరుస్తున్నాయి.

"ఏందయ్యా ఇది?"

"పద్దెనిమిది గుంటలు సార్. ఒక్క అడుగు ఎక్కువ తక్కువ లేదు. కాయితం గూడ ఉంది" అన్నాడు బుచ్చయ్య.

"ఇంత లోతా!"

"ఎంత లోతో చెప్పలేదు కద. ఆపుమని గూడ ఎవ్వలూ అనలేదు."

ప్రభాకర్రావు చుట్టూ చూశాడు. "తవ్విన మట్టి ఏది?"

"కుప్పలు పోస్తే దొర కండ్లకు బాగుంటదా సార్? పక్కపొంటి ఇంకో పద్దెనిమిది గుంటలు తవ్వి, అండ్ల పోసినం" అన్నాడు ఎల్లేశం.

"మరి ఆ రెండోదాని మట్టి?"

"ఇగో, మూడోది తవ్వుతున్నం కద" అంది సాయవ్వ. "ఆ దిక్కు మా భూమి ఆడికే ఒడిసింది. అందుకే పక్కోళ్ళది కొన్నం."

టాన్ దొర వెనక్కి తిరిగి కారెక్కి తలుపు వేసుకున్నాడు. ప్రభాకర్రావు గట్టు మీద కూలబడి రెండు చేతులా తల పట్టుకున్నాడు.

"ఇంకెందుకు, మిగిలిన ఆ మట్టేదో నా నెత్తిన పొయ్యండయ్యా!" అని ఏడ్చాడు.

బుచ్చయ్య తమ్ముడికేసి చూశాడు. ఎల్లేశం జేసీబీ డ్రైవరుకేసి చెయ్యి ఊపాడు.

"డ్రైవరన్నా, సారు అడుగుతుండు! ఓ బకెట్ మట్టి ఇటు తే!"

అంతే. జేసీబీ తొండం నిండా మట్టితో పైకి లేచి, ప్రభాకర్రావు వైపు తిరిగింది.