కట్టెల పెట్టె

"స్వామీ, ఉన్నదంతా ఇచ్చేశాను. ఇంకా ఇవ్వవలసింది ఏమైనా మిగిలిందా?" అని అడిగాడు కోదండపాణి.

అతను అమెరికాలో పేరున్న గుండె వైద్యుడు. షేకర్లనే క్రైస్తవ సమాజంవారు పూర్వం తమ చేతులతో చేసుకున్న బల్లలు, కుర్చీలు, గీసుకున్న బొమ్మలు ఏళ్ళ తరబడి ఏరి ఏరి కొన్నాడు. పెళ్ళీ పిల్లలూ వద్దనుకుని, స్త్రీలూ పురుషులూ తోబుట్టువుల్లా ఒక్కచోట బతికినవాళ్ళు వాళ్ళు. ఆ సొత్తునంతా ఈమధ్యనే ఊళ్ళోని మ్యూజియానికి రాసిచ్చాడు. వేదాంతపాఠాలు చెప్పడానికి వచ్చి అతని ఇంట దిగిన విరూపాక్షస్వామి ఆ ప్రశ్న విని, "అవేమిటో నేనూ చూస్తాను, పద" అన్నారు.

మ్యూజియం అధికారిణి హెలెన్ ఎదురొచ్చి లోపలికి తీసుకువెళ్ళింది. ఊడ్చుకోవడానికి అడ్డం లేకుండా షేకర్లు చేసినట్టే, కుర్చీలను గోడ కొయ్యలకు తగిలించారు. పక్కనే ఆ సమాజపు సోదరి ఎవరో వేసిన చెట్టు బొమ్మ. కింద సంతకం లేదు. కోదండపాణి ఒక్కొక్కటీ చూపిస్తూ, ఏది ఏ ఊళ్ళో దొరికిందో హుషారుగా చెబుతున్నాడు. గది చివర మనిషి పొడుగున్న చెక్కతొట్టి కనబడింది.

"అరె, దీన్నీ పెట్టారే! ఇందులో పొయ్యికట్టెలు వేసుకునేవాళ్ళం స్వామీ. కింద వంపు కర్రలున్నాయి, చూడండి. ఊరికే ఊగుతుంటే చెక్కలు దోపి కదలకుండా చేశాను."

అదేమిటని స్వామి ఇంగ్లీషులో హెలెన్‌ను అడిగారు.

"ఉయ్యాలండీ."

"పిల్లలే లేనివాళ్ళకు ఉయ్యాలేమిటి?" అని నవ్వాడు కోదండపాణి.

"పిల్లలకు కాదు డాక్టర్‌గారూ, మంచం పట్టిన ముసలివాళ్ళకు. వీపున పుండ్లు పడకుండా ఇందులో పడుకోబెట్టి, ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఊపేవారు."

కోదండపాణి నవ్వు ఆగిపోయింది. అతని తల్లి ఈ తొట్టి ఉన్న ఇంట్లోనే మంచంపట్టి పోయింది. ఖరీదైన పరుపు కొన్నాడు, నర్సును పెట్టాడు. అయినా వీపంతా పుండ్లే. అతను గుమ్మంలోంచి తొంగిచూసినప్పుడల్లా ఆవిడ అడిగేది ఒక్కటే: "పాణీ, కాస్త కదిలించరా."

తొట్టి అంచు మీద చెయ్యి వేశాడు. మ్యూజియంవాళ్ళు చెక్కలు తీసేసినట్టున్నారు, అది చప్పుడు లేకుండా ఊగింది. నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు.

"అప్పుడిది ఇంట్లోనే ఉంది స్వామీ! అమ్మ పడుకున్న గోడకు అవతలే ఉంది!"

తెలుగు రాని హెలెన్ కంగారుపడి కుర్చీ తెచ్చింది. అతను కూర్చోలేదు. "ఇది వెనక్కిచ్చెయ్యమని చెప్పండి స్వామీ. ఇంటికి తీసుకుపోతాను" అంటూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

స్వామి అతని చెయ్యి పట్టుకుని, ఏడుపు తగ్గేదాకా వదల్లేదు. తర్వాత మెల్లగా అన్నారు:

"ఉండనీ నాయనా. ఇవ్వవలసింది ఏమైనా మిగిలిందా అని అడిగావుగా? నువ్వు వీళ్ళకిచ్చింది కట్టెల పెట్టె. ఉయ్యాల ఇంకా ఇవ్వవలసే ఉంది."